కప్ప దగ్గర్నుంచి కొలత

ఈ కథ చివర్లో ఏదో ఒక మంచి జరిగి తీరుతుందని ఆశపడేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు. ఏ మంచీ జరగదు. ఒక తవుడు నూనె మిల్లులో పైపులన్నీ గాల్లో వేలాడతాయి. పట్టుపంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి చేతిలో కొబ్బరికాయతో పైపు కింద నుంచి వంగి నడుస్తాడు. మా బావ మళ్ళీ కిటికీ గ్రిల్స్ చేసుకోవడానికి వెళ్ళిపోతాడు. అన్నిటికీ కారణం నేనే. మధ్యలో ఒక కప్ప కూడా వస్తుంది గానీ దాని తప్పేమీ లేదు. అది తన మానాన తను కూర్చుంది.

అప్పటికి నాకు మీసం వచ్చింది, బుద్ధి రాలేదు. బందరులో డిప్లొమా పూర్తి చేసి, హైదరాబాదు వెళ్ళి, అమీర్‌పేటలో కంప్యూటర్ మీద ఫ్యాక్టరీలు గీయడం నేర్చుకుని, గుడివాడలో మా సుజాతక్క ఇంటికి వచ్చి పడ్డాను. రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. మా వీధిలో కంప్యూటర్ అంటే జాతకాలు వేసే పెట్టె. అలాంటి వీధిలో నేను తెర మీద ఒక ఫ్యాక్టరీని నిలబెట్టి బొంగరంలా తిప్పి చూపించేవాణ్ణి. అలా తిప్పడం వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. కానీ చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు, నేను ఆ తెరిచిన నోళ్ళని చూసుకుని బతికేవాణ్ణి.

మా రాంబాబు బావకు ఏలూరు రోడ్డులో ఒక వెల్డింగ్ వర్క్‌షాపు ఉండేది. గేట్లు, గ్రిల్స్, షట్టర్లు, అప్పుడప్పుడు విరిగిన ట్రాక్టర్ ట్రక్కులు. గుడివాడలో ఏ వీధిలో నడిచినా "ఆ గేటు మనదేరా" అని చూపించేవాడు. చూపించి వెంటనే ఒక నిట్టూర్పు విడిచేవాడు. ఆయన కోరిక గేట్లు కాదు. ఎప్పటికైనా ఒక ఫ్యాక్టరీ పని చెయ్యాలి, బోర్డు మీద "గేట్లు, గ్రిల్స్" అన్న మాటలు చెరిపేసి "ప్లాంట్ పైపింగ్" అని రాయించాలి. పెళ్ళైన కొత్తలో మా అక్కతో చెప్పుకున్న కోరిక కూడా ఇదేనట. కొత్త పెళ్ళికూతురితో పైపుల గురించి మాట్లాడిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరని అక్క ఇప్పటికీ అంటుంది.

ఆ కోరిక తీరే రోజు రానే వచ్చింది. పామిడిముక్కల దగ్గర శేషగిరిరావుగారనే పెద్ద రైతు తవుడు నూనె మిల్లు పెడుతున్నారు. పైపుల పని బావకు ఇచ్చారు.

"ఏమయ్యా రాంబాబూ, మొదటిది బాగా చేశావంటే పక్కనే రెండో యూనిట్ కడతాను. అదీ నీకే. తేడా వచ్చిందా, నీ గేట్లు నీకున్నాయి," అన్నారు.

బావ ఆ మాటని ఇంటికి మోసుకొచ్చి అన్నం తినకుండా మాకు మూడు రకాలుగా చెప్పాడు. అప్పుడు నేను కంచం ముందు నుంచి లేచి, "బావా, మనకి కంప్యూటర్ కావాలి," అన్నాను.

కొన్నాడు. పాపం, నా మాట మీదే కొన్నాడు. అక్క దానికి పూల గుడ్డతో ముసుగు కుట్టి, పసుపు బొట్టు పెట్టి, వర్క్‌షాపు ముందు గదిలో కూర్చోబెట్టింది.

"ఇది ఏం చేస్తుందిరా?" అన్నాడు బావ దూరంగా నిలబడి, కొత్త అల్లుణ్ణి చూస్తున్నంత మర్యాదగా.

"పైపు గీస్తే చాలు బావా. ఏ స్తంభానికి ఎంత దూరమో అదే కొలుస్తుంది, అదే రాసుకుంటుంది. ఆటోమేటిక్."

"టేపు అక్కర్లేదా?"

"టేపా?" అని నేను నవ్విన నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

"ఆ రైస్ కుక్కరూ ఆటోమేటిక్కే," అంది అక్క గుమ్మంలోంచి. "నీళ్ళు ఎన్ని పొయ్యాలో నేనే చూసుకుంటున్నా."

ఆడవాళ్ళకి టెక్నాలజీ అర్థం కాదని నేను మనసులో అనుకున్నాను. అప్పటి నా మనసులో ఇలాంటివి చాలా ఉండేవి.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు సంగతి చెప్పాలి. మిల్లులో పైపులు మావి. అవి ఆనుకునే ఇనుప స్తంభాలు, దూలాలు, ప్లాట్‌ఫారం, మెట్లు మావి కావు. అవి బందరులో ప్రకాశరావుగారనే ఇంజనీరు చేస్తున్నారు. ఆయన తన కంప్యూటర్లో ఆ ఇనుమంతా గీసి, ఫైలు సీడీలో ఎక్కించి, ఆర్టీసీ బస్సులో కండక్టరు చేతికి ఇచ్చి పంపేవారు. నేను బస్టాండులో అందుకుని, ఆ ఫైలుని నా బొమ్మ వెనకాల తగిలించుకునేవాణ్ణి. పక్కింటి టీవీని మన కిటికీలోంచి చూడటం లాంటిదన్నమాట. బొమ్మంతా కనిపిస్తుంది. చానెల్ మార్చడం మన చేతిలో ఉండదు.

నా సాఫ్ట్‌వేర్‌కి మహా గర్వం. తను గీయని ఇనుముని అది ఇనుముగా లెక్కపెట్టదు. నేను మీట నొక్కగానే పైపుకీ పైపుకీ, పైపుకీ ట్యాంకుకీ మధ్య కొలతలు టకటకా వేసేసింది. ప్రకాశరావుగారి స్తంభాల దగ్గరికి వచ్చేసరికి పలకరించకుండా వెళ్ళిపోయింది. అవి దాని కంటికి వట్టి గీతలు. తగిలించుకున్న ఇనుముకి కొలతలు తనంతట తాను వెయ్యదనీ, మనం వేసుకుంటే మనమే సరిచూసుకోవాలనీ దాంతో వచ్చిన పుస్తకంలో ఒక మూల ఉంది కూడా. చదివాను. ఎవరో తెలివి తక్కువవాళ్ళ కోసం రాసి ఉంటారనుకుని పేజీ తిప్పేశాను.

నేను ఊరుకుంటానా! స్తంభం మూల మీద బాణం పెట్టి నొక్కాను, పైపు మీద ఇంకోసారి నొక్కాను. అంకె వచ్చి కూర్చుంది. చూశావా, ఎలా లొంగదీశానో అని కుర్చీలో వెనక్కి వాలాను. అలా ప్రతి పైపుకీ చేశాను. నిజానికి నేను నొక్కింది స్తంభాన్ని కాదు. స్తంభం బొమ్మ కనిపిస్తున్న చోట ఉన్న ఖాళీ గాలిని. కొలతకి ఒక కాలు నా పైపు మీద ఉంది, రెండో కాలు గాల్లో ఉంది.

ఈ సంగతి ప్రకాశరావుగారికి తెలుసు. పెద్దాయన, ఒకరి తప్పు ఎత్తి చూపాలన్నా ముందు కుశలప్రశ్నలు అడిగే మనిషి. ఫోన్ చేసి అక్క ఎలా ఉంది, బావ ఎలా ఉన్నాడు అన్నీ అడిగి, చివర్లో, "బాబూ, నేను స్తంభం కదిపితే నీ దాంట్లో బొమ్మ కదులుతుంది. కొలత కూడా కదులుతుందో లేదో ఓసారి చూసుకోవయ్యా," అన్నారు.

"అన్నీ ఆటోమేటిక్ అండీ."

"ఆటోమేటిక్ అంటే?"

"అంటే... మనం చూడక్కర్లేదండీ."

"సరేనయ్యా," అని పెట్టేశారు. ఆ "సరే"లో మెచ్చుకోలు ఉందనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఒక మనిషిని దేవుడికి వదిలేసేటప్పుడు పెద్దవాళ్ళు అనే సరే అది.

ఇంతలో అవనిగడ్డ నుంచి ఒక సిద్ధాంతిగారు దిగారు. అప్పటికే స్థలంలో స్తంభాల కోసం గుంటలు తవ్వేశారు. సిద్ధాంతిగారు గుంటల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి, ఒక చోట ఆగి కళ్ళు మూసుకుని, "ఈశాన్యం మీద ఇంత ఇనుము మోపితే యజమాని తల ఎత్తలేడండీ," అన్నారు. శేషగిరిరావుగారు అప్రయత్నంగా మెడ తడుముకున్నారు. అంతే. ప్లాట్‌ఫారం మొత్తం పడమరకి ఆరడుగులు జరపాలని తీర్మానమైంది. పాత గుంటలు మట్టి పోసి పూడ్చేశారు, కొత్తవి తవ్వారు. ప్రకాశరావుగారు తన ఫైల్లో ఇనుమంతా ఆరడుగులు జరిపి, కొత్త సీడీ బస్సులో పంపారు.

నేను తగిలించాను. తెర మీద స్తంభాలన్నీ ఒక్క గెంతు గెంతి కొత్త చోట నిలబడ్డాయి. వాటి వెంట నా పైపుల్ని కూడా పట్టుకుని ఆరడుగులు జరిపాను. ఇక చూడండి, నేను చూస్తుండగానే కొలతల అంకెలన్నీ గిరగిరా మారిపోయాయి! నాకు ఒళ్ళు పులకరించింది.

"బావా, ఇలా రా! చూడు, వాస్తు మారిందని దానికి తెలిసిపోయింది. అంకెలు అదే మార్చుకుంది!"

బావ వచ్చి వంగి చూశాడు. "అన్నీ పెరిగాయేంట్రా?"

"వాస్తు బావా. మార్చారు కదా, పెరుగుతాయి."

తెలివైనవాళ్ళు, మీరు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. స్తంభమూ పైపూ కలిసి ఆరడుగులు జరిగితే మధ్య దూరం ఎందుకు మారాలి? ఒక బెంచీ మీద కూర్చున్న ఇద్దరు బెంచీతో సహా జరిగితే వాళ్ళ మధ్య ఎడం మారుతుందా? అంకెలు మారకుండా ఉంటేనే సరి. మారాయంటేనే కొంప మునిగిందని అర్థం. సరిగ్గా ఆ మునగడం చూసి నేను చప్పట్లు కొట్టాను.

అప్పటికైనా దారి మూసుకుపోలేదు. అసలు పాపం ఇప్పుడు చెప్పబోయేది.

ప్రకాశరావుగారి మనుషులు స్తంభాలూ దూలాలూ నిలబెట్టి వెళ్ళిన కొద్ది రోజులకే ఆషాఢం వచ్చింది. శూన్యమాసం. శేషగిరిరావుగారు మిల్లు స్థలంలో కొత్త పని ముట్టుకోనివ్వనన్నారు. శ్రావణ శుక్రవారం పొద్దున పది దాటాక ముహూర్తం, ఆ రోజే పైపులు ఎక్కాలి, ఆ రోజే ఆయన ప్లాట్‌ఫారం ఎక్కి కొబ్బరికాయ కొట్టాలి. కాబట్టి ఆషాఢమంతా మేము గుడివాడలోనే, కాగితం మీది కొలతలు చూసి పైపులు కోసి, వాటిని దూలాలకి పట్టి ఉంచే క్లాంపులు అతికి, రంగులు వేసి సిద్ధం చేసుకోవాలి. మామూలుగా అయితే బావలాంటి వాళ్ళు స్తంభం పక్కన నిలబడి కొలుచుకుంటూ అతుకుతారు. ఈసారి ఆ వీల్లేదు.

"కొలుచుకోవడానికి రావచ్చాండీ?" అని బావ ఫోన్లో అడిగాడు.

"కొలుచుకోవయ్యా, కొలిస్తే కొత్త పనేం కాదు కదా," అన్నారు ఆయన.

ఆ ఆదివారం పొద్దున్నే బావ మేకుకి తగిలించిన టేపు తీసి జేబులో వేసుకుని స్కూటర్ స్టార్ట్ చేశాడు. నేను వరండాలో ఎదురొచ్చాను.

"ఎక్కడికి బావా?"

"పామిడిముక్కల వెళ్ళొస్తాన్రా. ఊరికే, నాలుగు కొలతలు చూసొస్తే ఓ పనైపోతుంది."

"నా కొలతలు ఉన్నాయిగా."

"ఉన్నాయనుకో. అయినా ఓసారి..."

"నా మీద నమ్మకం లేదా బావా?"

బావ ఇబ్బందిగా స్కూటర్ హ్యాండిల్ తుడవడం మొదలుపెట్టాడు. అక్క పెసరట్టు గరిటెతో సహా బయటికి వచ్చింది. "వెళ్తే ఏం పోతుందిరా? కాస్త పెట్రోలేగా!"

"పెట్రోలు కాదక్కా, పరువు. టేపుతోనే కొలుచుకునేట్టయితే నేనెందుకు, ఆ కంప్యూటరెందుకు? అమీర్‌పేటలో నేను ఏం నేర్చుకున్నట్టు?" అని, పెసరట్టు ముట్టకుండా, వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాను. అలిగాను. మీసం వచ్చిన మగవాణ్ణి, పైపు కొలతల కోసం అలిగాను. ఆ పెసరట్లలో అల్లం, పచ్చిమిర్చి వేసి ఉన్నాయని వాసన వస్తూనే ఉంది, అయినా తగ్గలేదు.

కాసేపటికి స్కూటర్ ఇంజను ఆగింది. బావ లోపలికి వచ్చి టేపుని మళ్ళీ మేకుకి తగిలించాడు. "లేరా, తిందువుగాని. నేనేం వెళ్ళట్లేదు," అన్నాడు. టేపు ఆ మేకుకి తగిలినప్పుడు టంగుమన్న చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పుడు మాత్రం గెలిచినట్టు లేచి నాలుగు పెసరట్లు లాగించాను.

ఆషాఢమంతా వర్క్‌షాపులో పండగే. బావ తనే వెల్డింగ్ ముసుగు పట్టుకుని ప్రతి అతుకూ వేశాడు. గేట్ల పని వస్తే "ఇప్పుడు ఖాళీ లేదండీ, ప్లాంట్ పని నడుస్తోంది," అని పంపించేశాడు. ఆ మాట అనడానికే కొందరిని పిలిచి మరీ కూర్చోబెట్టేవాడు. పెయింటరుని పిలిపించి కొత్త బోర్డు రాయించాడు కూడా. "మా బావమరిది కంప్యూటర్‌తో కొలిచాడండీ, వెంట్రుకవాసి తేడా రాదు," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. నిజమే, వెంట్రుకవాసి తేడా రాలేదు.

శ్రావణ శుక్రవారం నాడు పైపులకి బంతిపూల దండలు కట్టి, ట్రాక్టర్ల మీద వేసుకుని, పామర్రు మీదుగా ఊరేగింపుగా వెళ్ళాం. ముందు రోజంతా వాన పడి నల్లమట్టి నేల బురదగా ఉంది. స్థలంలో షామియానా వేశారు. శేషగిరిరావుగారు పట్టుపంచెలో, సిద్ధాంతిగారు పంచాంగంతో, బందరు నుంచి ప్రకాశరావుగారు గొడుగుతో, చుట్టాలు, పక్కాలు, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు అందరూ కుర్చీల్లో. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వెల్డింగ్ పనికి ఇస్త్రీ చొక్కాతో రావడం ఆయన జీవితంలో అదొక్కసారే.

మొదటి పైపుని చైన్లతో పైకి లేపారు. క్లాంపులు దూలాల మీద కూర్చోవాలి. పైపు వెళ్ళింది, దూలం దాటింది, ఇంకా వెళ్ళింది. క్లాంపులు దూలాలకి ఆరడుగుల అవతల గాల్లో నిలబడ్డాయి.

"తిరగేసి పెట్టారేమో చూడండ్రా," అన్నాడు బావ.

తిరగేశారు. ఇంకా దరిద్రంగా ఉంది. మళ్ళీ మామూలుగా పెట్టారు.

"రెండోది పెట్టి చూద్దాం బావా," అన్నాను నేను. నా గొంతు నాకే ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఒకటి తప్పి ఒకటి ఒప్పయినా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నా సాఫ్ట్‌వేర్ తప్పు కూడా ఆటోమేటిక్‌గానే చేసింది, ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు. నాలుగోది నేరుగా వెళ్ళి మెట్ల మీద అడ్డంగా, మనిషి ఛాతీ ఎత్తున నిలిచింది.

అలాంటప్పుడు బుద్ధిమంతుడైతే భూమిలోకి కుంగిపోతాడు. నేను కాగితం ఎత్తి పట్టుకుని గట్టిగా, "స్తంభాలు తప్పు చోట ఉన్నాయండీ!" అన్నాను.

అవును, అన్నాను. నలుగురి మధ్యలో, తండ్రి వయసున్న ప్రకాశరావుగారి ముఖం మీద అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. "ఎంత తప్పులో ఉన్నాయి బాబూ?"

"ఆరడుగులు."

"ఏ వైపుకి?"

"పడమరకి."

ఆయన బావ వైపు తిరిగి, "టేపు ఇవ్వవయ్యా రాంబాబూ," అన్నారు. బావ జేబు తడుముకున్నాడు. టేపు లేదు, గుడివాడలో మేకుకి ఉంది. ఎవరో తెచ్చి ఇచ్చారు. ప్రకాశరావుగారు గొడుగు మూసి, పంచె పైకి కట్టి, స్తంభాన్ని దాటి తూర్పుకి నడిచారు. అక్కడ పూడ్చిన పాత గుంట వానకి కుంగి, బురద నీళ్ళతో చిన్న మడుగై ఉంది. మడుగు మధ్యలో ఒక మట్టిగడ్డ. గడ్డ మీద ఒక కప్ప, ముహూర్తానికి పిలుపు అందుకున్నదానిలా బుద్ధిగా కూర్చుని ఉంది.

ఆయన టేపు కొసని ఆ కప్ప పక్కన పెట్టి పట్టుకున్నారు. "ఇప్పుడు లాగి పైపు దాకా కొలువు బాబూ. నీ కాగితంలో ఎంతుంది?"

కొలిచాను. సరిపోయింది. బావ చెప్పుకున్నట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

"రెండో పైపు?"

సరిపోయింది. అన్నీ సరిపోయాయి. ప్రతి కొలతా అచ్చంగా, శుద్ధంగా, కప్ప దగ్గర్నుంచి సరిగ్గా ఉంది.

"నేను స్తంభం జరిపాను. నువ్వు పైపు జరిపావు. కొలత రెండో కాలు మాత్రం పాత గుంటలోనే ఉండిపోయింది. అది నా స్తంభమని నీ కంప్యూటర్‌కి ఎప్పుడూ తెలీదయ్యా," అన్నారు ఆయన మెల్లగా, నాకొక్కడికే వినిపించేలా. కానీ అంతా నిశ్శబ్దంగా ఉండటంతో అందరికీ వినిపించింది.

సిద్ధాంతిగారు మడుగు అంచుకి వచ్చి తొంగి చూశారు. "అంటే నేను దోషం ఉందని తీయించిన చోటి నుంచే పైపులన్నీ కొలిచారా?" అని, జవాబు అక్కర్లేదన్నట్టు పంచాంగం మూసేశారు. కప్ప అప్పుడు ఒక్కసారి బెకబెకమని మళ్ళీ ఊరుకుంది. ఎవరో చుట్టాలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడి నుంచి షామియానా అంతా నవ్వులే.

ముహూర్తం దాటిపోకూడదు కదా. పైపు దింపేంత సమయం లేదు. శేషగిరిరావుగారు కొబ్బరికాయ పట్టుకుని మెట్లెక్కి, అడ్డంగా ఉన్న పైపు దగ్గర ఆగి, మా బావ వైపు ఒక్క చూపు చూసి, వంగారు. తల ఎత్తి తిరగడం కోసం ప్లాట్‌ఫారాన్ని ఆరడుగులు జరిపించుకున్న మనిషి, తల దించి, నడుం వంచి, పట్టుపంచె అంచు మెట్ల మీది బురదకి అంటుకుంటూ ఉండగా, నా పైపు కింద నుంచి దూరి వెళ్ళి కొబ్బరికాయ కొట్టారు.

కిందికి వచ్చాక కేకలు వేస్తారనుకున్నాను. వేసినా బాగుండేది.

"రాంబాబూ, నేను నీ పని చూసి ఇచ్చానయ్యా. నీ గేట్లు చూసి ఇచ్చాను. ఒక్క గేటూ ఎక్కడా వంకర లేదు," అన్నారు.

నేను నోరు తెరిచాను, తప్పు నాదని చెప్దామని. బావ నాకంటే ముందే, "తప్పు నాదేనండి. టేపు చేతిలో పట్టుకుని బయల్దేరి, నేనే వెనక్కి తిరిగాను," అన్నాడు. ఎందుకు తిరిగాడో చెప్పలేదు. బావమరిది అలిగాడని, పెసరట్టు తినలేదని నలుగురిలో చెప్పలేదు. ఆ క్షణంలో ఆయన నన్ను లాగి ఒక్కటి కొట్టి ఉంటే నేను ఈపాటికి కోలుకుని ఉండేవాణ్ణి.

క్లాంపులన్నీ ఊడదీసి, పైపులన్నీ కోసి, మళ్ళీ అతికి ఆ పని ఎలాగో పూర్తి చేశాం. ఈసారి ప్రతి అతుకూ స్తంభం పక్కన నిలబడి, టేపు పెట్టి. మిల్లు నడిచింది, నూనె వచ్చింది. రెండో యూనిట్ పని మాత్రం విజయవాడవాళ్ళకి వెళ్ళింది. బావ ఒక మధ్యాహ్నం తనే కుంచె పట్టుకుని, బోర్డు మీద "ప్లాంట్ పైపింగ్" మీద తెల్లరంగు వేసి, "గేట్లు, గ్రిల్స్" అని మళ్ళీ రాసుకున్నాడు. ఆయన అక్షరాలు వంకర పోయాయి. గేట్లు ఎప్పుడూ వంకర పోని మనిషి చేతిలో అక్షరాలు ఎందుకు వంకర పోయాయో నాకు తెలుసు. నేను లోపల కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద ఏమీ లేకపోయినా మౌస్ కదుపుతూ ఉన్నాను.

ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరంటానికి వెళ్ళినా నా పేరు నాకు మిగల్లేదు. "కప్ప ఇంజనీరు వచ్చాడు" అనేవాళ్ళు. నా పెళ్ళిలో, నేను తాళి కట్టి ఇంకా చేతులు వెనక్కి తీసుకోకముందే, అక్క వెనక నుంచి, "మూడు ముళ్ళూ నువ్వే వేశావా, కంప్యూటర్ వేసిందా?" అని అడిగింది. పెళ్ళికూతురు వంచిన తల వంచినట్టే ఉంచి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ ఆగలేదు. బావ ఒక్కడే ఆ కప్ప ఊసు ఎప్పుడూ ఎత్తలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, మొన్నామధ్య, మోపిదేవిలో యాత్రికుల సత్రానికి పెద్ద గేటు చెయ్యాల్సి వస్తే బావతో కలిసి వెళ్ళాను. ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో పదిమందికి పని చెప్పే స్థానంలో ఉన్నాను. అయినా ఆ రోజు సరదాగా టేపు అడిగి తీసుకున్నాను. గోడ నుంచి గోడకి కొలిచాను. ఒక కొస గోడకి ఆనించి వేలితో తాకి చూశాను. రెండో కొసా తాకి చూశాను. అంకె చెప్పాను, బావ రాసుకున్నాడు. నేను సందు మలుపులో టీ తాగి తిరిగి వచ్చేసరికి, బావ ఒక్కడే టేపు కొసని రాయి కింద నొక్కిపెట్టి, వంగి, మళ్ళీ కొలుస్తున్నాడు. నన్ను చూసి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"నీ మీద నమ్మకం లేక కాదురా," అన్నాడు.

"మరి?"

"అలవాటైపోయింది."

అందుకని ఈ రోజు, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి సాక్షిగా, మీ అందరి ఎదుట ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై టేపు రెండో కొసన ఏముందో తాకి చూడకుండా ఏ అంకెనూ నమ్మను. అంకెలు వాటంతట అవి మారితే చప్పట్లు కొట్టను, లేచి వెళ్ళి చూస్తాను. ఎవరైనా టేపు పట్టుకుని స్కూటర్ ఎక్కుతుంటే ఎదురు రాను, అలగను, పెసరట్టు మానను. పెద్దల స్తంభాల్ని తప్పుపట్టే ముందు నా కాళ్ళ కింద ఉన్న గుంటను చూసుకుంటాను. కప్పలకి మాత్రం ఎప్పుడూ గౌరవమిస్తాను. ఆ రోజు ఉన్నచోటే ఉండి నిజం చెప్పినవాళ్ళలో అదొకటి.

దీన్ని అచ్చుకి పంపే ముందు ఫోన్లో బావకి మొత్తం చదివి వినిపించాను. ఆయన మొత్తం విన్నాడు. ప్రతిజ్ఞ మాత్రం రెండోసారి చదివించుకున్నాడు.

"బాగుందిరా. చాలా బాగుంది," అన్నాడు. "అయినా పంపేముందు ఓసారి మీ అక్కకి కూడా చదివి వినిపించు. సరిచూస్తుంది."